ఆట లేని పాట: ‘కాళ్ళాగజ్జా కంకాళమ్మ’ – పాఠ పరిష్కరణ సమస్య

బిరుదురాజు రామరాజు సిద్ధాంతగ్రంథం ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ వెలువడినప్పటి నుండి జానపద గేయాలకు విశ్వవిద్యాలయ పరిశోధనలో స్థిరమైన స్థానం లభించింది. అయినా బాలల ఆటపాటలకు ‘అర్థరహితాలు’ అన్న ముద్ర పూర్తిగా తొలగలేదు. పాటను ఆటనుండి విడదీసి చదవడమే ఈ ముద్రకు కారణమని ‘కాళ్ళాగజ్జా కంకాళమ్మ’ ఆధారంగా ప్రతిపాదిస్తున్నాను.

ఈ ఆటలో పిల్లలు కాళ్ళు చాపి వరుసగా కూర్చుంటారు. ఒకరు పాడుతూ, తాళపు దెబ్బకొక కాలు చొప్పున తాకుతూ పోతారు. పాట ముగిసేసరికి చెయ్యి ఏ కాలిమీద ఉంటే ఆ కాలు ముడవాలి. పాట మళ్ళీ మొదలవుతుంది.

నిర్మాణాన్ని పరిశీలిస్తే, గేయం చతురస్రగతిలో నడుస్తుంది. ప్రచారంలో ఉన్న పాఠంలో పాదాంతపదాన్ని తరువాతి పాదం అందుకొని, ‘కాదు’ అని తోసిపుచ్చి, మరో వస్తువును నిలుపుతుంది. శిష్టకవిత్వంలో ఇటువంటి కూర్పును ముక్తపదగ్రస్తమని మెచ్చుకుంటాం. అంతేకాదు, పాదాది అక్షరానికి ఉత్తరార్ధపు తొలి అక్షరంతో యతి కుదురుతుంది. ‘నీడ’కు ‘నిమ్మ’, ‘బావి’కి ‘బచ్చలి’ జతపడడంలో హల్లుతోపాటు అచ్చుకూ మైత్రి ఉంది. ‘కూర’కు ‘గుమ్మడి’ వచ్చినచోట కూడా వర్గయతి చెల్లుతుంది. వస్తువుల మధ్య తార్కిక సంబంధం లేకపోవచ్చు. వాటిని కలిపే సూత్రం ధ్వని.

ఈ సూత్రం ఆటలో శరీరానికి అందుతుంది. మాటల తొలి ధ్వనుల పోలికను చెవి పడుతుంది. దెబ్బకొక కాలిని జతపరచడం చేతికి అలవడుతుంది. మొదటిది అక్షరాభ్యాసానికి, రెండవది లెక్కింపుకు పూర్వరంగం. పాట ఒక్కటే గణితం నేర్పుతుందనడం మాత్రం అతిశయోక్తి. అందులో అంకెల పేర్లు లేవు. ఉన్నది లెక్కింపుకు కావలసిన క్రమం మాత్రమే.

ఇదే గేయాన్ని తరగతిలో అందరూ కదలకుండా కూర్చుని వల్లించినప్పుడు యతి మిగులుతుంది. స్పర్శ, వరుస, తనవంతుకై ఎదురుచూపు పోతాయి. ‘ఒప్పులకుప్ప’ స్థితి మరింత స్పష్టం: తిరుగుడు లేనిదే దాని లయకు ఆధారమే లేదు.

3–8 ఏళ్ళ దశకు ఆట ఆధారిత విద్యను జాతీయ విద్యావిధానం 2020 సూచించింది. ఆ దశకు పాటలను అందించవలసినవారిలో తెలుగు శాఖలూ ఉన్నాయి. కనుక ఆటపాటల పరిష్కరణలో పాఠాంతరాలతోపాటు కూర్చునే తీరు, తాళం పడే చోటు, పునరావృత్తి నియమం కూడా నమోదు కావాలి. అవి పాటకు అనుబంధాలు కావు, పాఠంలో భాగాలు.