బజ్జీల నూనె, గుడ్డు పెంకులు
పలుమారు కాగుటచే నూనెలో పుట్టు ధ్రువ సమ్మేళనములు నూటికి 25 పాళ్లు మించరాదని 2018 జూలై మొదలుగా మన దేశమున నిబంధన కలదు. ఆ మేర దాటిన బజ్జీల నూనెను కాలువపాలు చేయక, గుడ్డు పెంకుల సాయముతో బయోడీజిలుగా మార్చు విద్యను చిరకాలముగా రసాయనశాలయందు విద్యార్థులచే చేయించుచున్నాను. ఈ విద్యకు ప్రధానశత్రువు నీరు.

శనగపిండిలోని తడి కాగుచున్న నూనెను విడగొట్టి కొవ్వామ్లములను పుట్టించును. అవి గుడ్డు పెంకులనుండి వచ్చు, ఉత్ప్రేరకమైన సున్నముతో కూడినంతనే సబ్బగును. సబ్బు పుట్టెనా, ఇంధనమును గ్లిజరినును వేరుపడక, పాత్రలోనిదంతయు తెల్లగా చిక్కబడి పాడగును. కావున నూనెను గుడ్డలో వడగట్టి, మాడిన నలుసులు తీసి, 110 డిగ్రీల వరకు కాచి, చిటపటలు పూర్తిగా అణగుదాక ఓపికతో వేచియుండవలెను. ఆమ్లము మిక్కుటమైనచో, ముందుగా గంధకికామ్లమును మిథనాలును చేర్చి దానిని తగ్గింపవలెను.

గుడ్డు పెంకు దాదాపుగా కాల్షియం కార్బొనేటే. దానిని కడిగి, లోపలి పొర ఒలిచి, ఎండబెట్టి, నూరి, 900 డిగ్రీల కొలిమిలో కొన్ని గంటలు కాల్చినచో, బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, సగమునకు కాస్త పైబడిన బరువుతో తెల్లని సున్నము మిగులును. బట్టీలలో గుల్లసున్నము కాల్చిన మన పూర్వులెరిగిన రసాయనమే ఇది. అయితే ఆ పొడి గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని త్వరలోనే నిస్సత్తువగును గనుక, సీసా తెరచియుంచి ముచ్చటలాడు పిల్లలను చూచినచో "మూత పెట్టు నాయనా!" అని కేకవేయక ఉండలేను.

మిథనాలు విషము, నిప్పు సోకిన భగ్గున మండునది. అందుచే నూనెను, సున్నపు పొడిని, మిథనాలును కలిపి, మంటపై గాక వేడినీటి తొట్టిలో, ఆవిరిని చల్లార్చి వెనుకకు పంపు గొట్టమమర్చి, 60, 65 డిగ్రీల నడుమ రెండు మూడు గంటలు కలియబెట్టుదుము. ఆపి కదలింపక ఉంచినచో సున్నము అడుగునకు, గ్లిజరిను దానిపైకి, పలుచని తేనెరంగు ఇంధనము అన్నిటికిని మీదికి చేరును. కాస్టిక్ సోడా వాడినచో అది ద్రవములో కరగిపోవును గాన ఇంధనమును పలుమారులు కడుగవలసివచ్చును. సున్నమును వడగట్టి, కొంత శక్తి తగ్గినను, మరల వాడుకొనవచ్చును. కడుగునీటి వ్యయమును ఇంత తగ్గించుటే ఈ పద్ధతికి నేనిచ్చు అగ్రస్థానమునకు హేతువు. ఇంధనములోనికి జారిన స్వల్ప కాల్షియమును మాత్రము తీసివేయక తప్పదు.

తుదకు ఇంధనమును గాజుగ్లాసులో పోసి వెలుగున కెదురుగా పట్టి చూతుము. మసకగా నున్నచో తేమ మిగిలినదని యనుమానించి మరల వెచ్చజేయింతును. తేటపడినదాక ఇంజనులో పోయనీయను.