కురిడీ అయిన కండెన్సర్

"చారలు ఎన్నొస్తన్నాయిరా?"

టీవీలో మారియో బొమ్మ మీద నల్లటి చారలు పడుతున్నాయని వీడియో గేము పెట్టె చంకలో పెట్టుకుని వెళ్తే, అమలాపురంలో ఒక రేడియో మెకానిక్ గారు నన్నడిగిన మొదటి మాట అది. పెట్టె చేతిలోకి తీసుకోలేదు, మూత విప్పలేదు.

"రెండండి."

"నిలబడి ఉన్నాయా, పాకుతున్నాయా?"

"మెల్లగా పాకుతున్నాయండి."

"అయితే కండెన్సరే. ఒక్కటే చారయితే డయోడు చూసేవాణ్ణి."

ఆ వయసులో అది సోది చెప్పినట్టే అనిపించింది. సోది కాదు, లెక్క అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అడాప్టర్‌లోని నాలుగు డయోడ్లు కింది ఊపును కూడా పైకి తిప్పేస్తాయి కాబట్టి సెకనుకు 100 మిట్టలు తయారవుతాయి. టీవీ తెరను పైనుంచి కిందికి సెకనుకు 50 సార్లు గీస్తుంది. ఒకసారి గీసేలోపు మిట్టా పల్లం రెండేసి సార్లు వచ్చిపోతాయి, అందుకే రెండు చారలు. డయోడు ఒకటి పోతే మిట్టల్లో సగం మాయమై ఒక్క చారే మిగులుతుంది. టీవీ గీసే వేగానికీ కరెంటు ఊగే వేగానికీ పిసరంత తేడా ఉండడం వల్ల ఆ చారలు నిలవకుండా పాకుతాయి. కరెంటు ఊపును గీసి చూపే ఆసిలోస్కోపు కొనే స్తోమత లేని కొట్లో ఆయన మా ఇంటి టీవీనే స్కోపుగా వాడుకున్నారు. ఆ కొట్లో ఈ విద్యను ఎవరూ పాఠంగా చెప్పలేదు. బల్ల పక్కన నిలబడి చూసినవాడికే అబ్బింది. అందుకే దీని గురించి రాయాలనిపించింది.

కండెన్సర్ అనే మాటను ముందు చూద్దాం. ఇప్పటి పాఠ్యపుస్తకాలు కెపాసిటర్ అంటాయి. కోనసీమలో ఆ మాట అనేవాళ్లు తక్కువ. ఫ్యాన్ నీరసంగా తిరిగితే కండెన్సర్, బోరు మోటారు మూలిగి ఆగిపోతే కండెన్సర్. ఇటలీ శాస్త్రవేత్త వోల్టా 1782లో పెట్టిన పేరు అది. తరగతి గది వదిలేసిన ఆ మాటను కొట్టు బల్ల కాపాడుకొచ్చింది.

రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు ఊళ్లకు వీడియో గేములు ఎక్కువగా గల్ఫ్ దారిన వచ్చాయి. కువైట్‌కో దుబాయ్‌కో మస్కట్‌కో వెళ్లిన అమ్మానాన్నలు సెలవుకి వచ్చేటప్పుడు టేపురికార్డరు, దుప్పట్లు, సెంటు సీసాలతో పాటు పిల్లలకోసం ఒక గేము పెట్టె తెచ్చేవారు. అడాప్టర్‌కు చదరపు పిన్నులు మూడుండేవి, మన సాకెట్‌లో పట్టేవి కావు. తీగ కోసి మన ప్లగ్గు బిగించడంతోనే దాని కోనసీమ జీవితం మొదలయ్యేది. పట్నాల్లో సమురాయ్, మీడియా పేర్లతో అమ్మినవీ ఈ జాతివే. అన్నిటికీ మూలం నింటెండో కంపెనీ 1983 జూలై 15న జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్. దాని ప్రాసెసరు సెకనుకు సుమారు 18 లక్షల టిక్కులతో నడుస్తుంది, పని చేసుకోవడానికి దానికున్న మెమరీ 2 కిలోబైట్లు. సూపర్ మారియో, కాంట్రా, డక్ హంట్ ఆ కాస్త స్థలంలోనే ఆడాయి.

ఫామికామ్‌ను చూసి చేసిన చవక నకళ్లలో చిప్పులకు ఒళ్లే ఉండదు. బోర్డు మీద నల్లటి తారు ముద్దలా పోసేసి ఉంటాయి. ఆ ముద్ద చెడితే పెట్టె పోయినట్టే, ఎవరూ ఏమీ చెయ్యలేరు. కానీ ముద్ద అంత తొందరగా చెడదు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా పెట్టె పలకలేదంటే చాలాసార్లు తప్పు స్విచ్చుదో, తీగదో, టీ ఖర్చంత కూడా లేని కండెన్సర్‌దో అయ్యుంటుంది. అటకమీద చచ్చిపోయిందనుకుని పడేసిన పెట్టెలు ఎన్నో నిజానికి చావలేదు.

కండెన్సర్ ఏం చేస్తుందో మన ప్రాంతం వాళ్లకు చెప్పడం తేలిక. వేసవిలో కాలవలు కట్టేస్తారు. కట్టేయకముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటాం, కాలవలో నీళ్లు లేని రోజుల్లో చెరువు ఊరిని మోస్తుంది. డయోడ్ల నుంచి వచ్చే కరెంటూ అంతే, మిట్ట దగ్గర నిండుగా, పల్లం దగ్గర వట్టిగా. మిట్టలో నిండి పల్లంలో పెట్టెకు అందించే చెరువు కండెన్సర్. లెక్క కూడా చూడండి. 0.3 ఆంపియర్లు లాగే పెట్టెకు 2200 ఎంఎఫ్‌డి (మైక్రోఫారడ్ల) కండెన్సర్ ఉంటే, మిట్టకూ మిట్టకూ మధ్యనుండే సెకనులో నూరో వంతులో సుమారు 1.4 వోల్టులు తగ్గుతాయి. అదే కండెన్సర్ పూడిపోయి 500కు వస్తే తగ్గుదల 6 వోల్టులు. లోపల 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటరు 5 వోల్టులు నిలబెట్టాలంటే దానికి ఇటునుంచి 7 వోల్టులన్నా అందాలి. 11, 12 వోల్టుల మిట్ట నుంచి 6 జారిపోతే అందేది ఎంత? ఆ లోటే మనకు చారగా కనపడేది, స్పీకర్లో గుర్రుమని వినపడేది. లోటు ఇంకా పెరిగితే కాంట్రా మూడో స్టేజీలో ఉండగా ఆట మొదటికొచ్చేస్తుంది.

మరి ఎందుకు పూడుతుంది? ఇక్కడ చెరువు పోలిక వదిలేసి అంబాజీపేట వెళ్లాలి. ముదిరిన కొబ్బరికాయను అటకమీద నెలల తరబడి ఉంచితే లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలేసి, ఊపితే గుండ్రాయిలా దొర్లుతుంది. అది కురిడీ. పైన చిప్ప మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉంటుంది. ఎలక్ట్రోలైటిక్ కండెన్సరూ ఇంతే. రెండు అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రవంలో తడిపిన కాగితం, అన్నిటినీ చాప చుట్టినట్టు చుట్టి రేకు డబ్బాలో పెట్టి అడుగున రబ్బరు బిరడా బిగిస్తారు. ఒక రేకు మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఆక్సైడు పొర ఉంటుంది. కరెంటును ఆపేది ఆ పొర, ఆ పొరను బతికించేది ఆ తడి. రబ్బరు ఎంత బిగువైనా ఏళ్లు గడిచేకొద్దీ తడి ఆవిరై పోతూనే ఉంటుంది. పైకి డబ్బా మెరుస్తూనే ఉంటుంది, లోపల కురిడీ.

వేడి ఈ పనిని తొందరపెడుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని హామీ ఉన్న సరుకు 45 దగ్గర సుమారు 32 వేల గంటలు ఉంటుంది. 105 డిగ్రీలు అని రాసి ఉన్నది అదే చోట దానికి నాలుగింతలు. పైసలు కాస్త ఎక్కువైనా 105 కొనమని పెద్ద మెకానిక్కులు పట్టుబట్టేది ఇందుకే. మే నెలలో మూసిన టీవీ స్టాండులో, రెగ్యులేటరుకు ఆనుకుని కూర్చున్న కండెన్సర్‌కు చల్లదనం ఎక్కడిది?

కండెన్సర్ తీసే ముందు చెయ్యాల్సినవి రెండున్నాయి. చాలాకాలం వాడని పెట్టెలో ఆక్సైడు పొర పల్చబడి ఉంటుంది, అందుకని దాన్ని నేరుగా కరెంటులో పెట్టరు. సిరీస్ బోర్డు అనే పాత పరికరం ప్రతి కొట్లోనూ ఉండేది. ఒక ఫిలమెంటు బల్బు గుండా కరెంటును పంపి వస్తువుకు ఇస్తారు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, వస్తువు కాలదు. ఒకసారి ఎర్రబడి మందగిస్తే మంచి శకునం. రెండోది, అనుమానమున్న కండెన్సర్ కాళ్ల మీదే ప్రింటు వైపు నుంచి ఒక మంచి కండెన్సర్‌ను ప్లస్సుకు ప్లస్సు చూసి ఆనించడం. తెరమీద చారలు అప్పటికప్పుడు మాయమైతే దొంగ దొరికినట్టే. 12 వోల్టుల గేము పెట్టెలో ఇది చెయ్యొచ్చు. టీవీలో మాత్రం వద్దు. దాని పవర్ సప్లయి కండెన్సర్‌లో 300 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు నిలుస్తుంది. పిల్లలకు ఈ పని నేర్పేవాళ్లు మొదటి రోజు చెప్పాల్సిన మాట అదే.

పోయిన వేసవిలో కొత్తపేటలో మా చుట్టాలింటి అటక దులుపుతుంటే అలాంటి పెట్టె ఒకటి దొరికింది. పసుపెక్కిన ప్లాస్టిక్కు, రెండు ప్యాడ్లు, ఒక తుపాకీ. మూత విప్పితే లోపలి గోడమీద పెన్సిలుతో సన్నగా రాసి ఉంది: 1000/25 (అంటే 1000 ఎంఎఫ్‌డి, 25 వోల్టులు), పక్కనే 1998లో ఒక తేదీ. ఎవరో మెకానిక్ తను మార్చినదేమిటో తర్వాత విప్పబోయేవాడికి చెప్పి వెళ్లాడు. ఆయన వేసిన కండెన్సర్ నెత్తి కాస్త ఉబ్బి ఉంది. డబ్బా పైన గాట్లు పెట్టేది ఉబ్బినప్పుడు అక్కడ చీలి పొగ వదలడానికే, లేకపోతే టపాకాయలా పేలుతుంది.

తీయడంలో తొందర పనికిరాదు. ఆ కాలపు బోర్డులు చాలావరకు గోధుమరంగు కాగితపు బోర్డులు. సోల్డరింగ్ కడ్డీ ఎక్కువసేపు ఆనిస్తే రాగి ప్రింటు పొరలా లేచి వచ్చేస్తుంది. నేను నేర్చుకునే రోజుల్లో అలా ఒక పెట్టె ప్రింటు లేపేశాను, తర్వాత సన్నటి తీగతో వంతెన వెయ్యాల్సి వచ్చింది. 25 వాట్ల కడ్డీ చాలు. పాత అతుకు మీద ముందు కాస్త పేస్టు పెట్టి, కొత్త లెడ్ (సోల్డరు) వెయ్యాలి. ముప్పై ఏళ్ల లెడ్ మొండిగా ఉంటుంది, కొత్తది కలిస్తే వెంటనే కరిగి నీళ్లలా మెరుస్తుంది. ఆ మెరుపు కనపడిన క్షణంలో ఒక కాలు వైపు కొంచెం వంచాలి, తర్వాత రెండో కాలు, మళ్లీ మొదటిది. లాగకూడదు. పాలపన్ను ఊడినట్టు దానంతటది రావాలి. తర్వాత సక్కర్‌తో కన్నాలు తెరవాలి.

కొత్తది పెట్టేటప్పుడు డబ్బామీద తెల్ల చార ఉన్న కాలు మైనస్. టాంటలం రకం మీద గీత మాత్రం ప్లస్‌ను చూపిస్తుంది, తెలియక పెట్టినవాళ్లు పొగ చూశారు. వోల్టేజీ ఎక్కువదైనా ఫరవాలేదు, 16 ఉన్నచోట 25 వెయ్యొచ్చు, తక్కువ మాత్రం వద్దు. ఎంఎఫ్‌డి ఉన్నదే వెయ్యాలి. పెద్ద చెరువు మంచిదేగా అని 1000 చోట 4700 వేస్తే, స్విచ్చి వేసిన తొలి క్షణంలో దాన్ని నింపలేక డయోడ్ల మీద భారం పడుతుంది. కేరళలోని కన్నూరులో కెల్ట్రాన్ వాళ్లు చేసే కండెన్సర్లు మన దేశపు సరుకే. ఏ కంపెనీదైనా బోర్డుకెక్కించే ముందు ముల్లు మీటరుతో చూసుకోవాలి. ఓమ్స్‌లో పెట్టి తాకిస్తే ముల్లు చటుక్కున లేచి, మెల్లగా వెనక్కి జారాలి. లేవకపోతే వట్టిది, లేచి దిగకపోతే లీకు. ఎన్ని అంకెల మీటర్లు వచ్చినా కండెన్సర్ మంచీచెడూ ఆ ముల్లు నడకలో కనిపించినంత స్పష్టంగా నాకు ఇంకెందులోనూ కనిపించలేదు.

ఇప్పుడు విదేశాల్లో పాత గేములను ప్రేమించేవాళ్లు పెట్టె దొరకగానే లోపలున్న ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లన్నీ మార్చేస్తున్నారు. అన్ని పెట్టెలకూ అది సరి అని నేననుకోను. 1990లో వచ్చిన సెగా గేమ్ గేర్ లాంటివాటిలో బోర్డుకు అతుక్కుని ఉండే చిన్న కండెన్సర్లు ద్రవం కారుస్తాయి, చేపల వాసన వేస్తాయి, రాగిని పచ్చగా తినేస్తాయి. వాటిని చెడకముందే తీసి, స్పిరిట్‌తో బోర్డు కడగడమే మంచిది. కాగితపు బోర్డున్న మన నకలు పెట్టెలకు మాత్రం ప్రతి అనవసరపు అతుకూ ఒక గాయం. బిళ్ల ఆకారంలో ఉండే సెరామిక్ కండెన్సర్లలో ఎండడానికి తడే లేదు, వాటి జోలికి అసలు పోకూడదు. చెడినదేదో కనిపెట్టి దాన్నొక్కదాన్నే మార్చే కొట్టు పద్ధతిలో బోర్డు పట్ల ఒక మర్యాద ఉంది.

ఉప్పుగాలి సంగతి కూడా చెప్పాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్లలో క్యాసెట్టు పిన్నులు తొందరగా నల్లబడతాయి. మనమంతా క్యాసెట్టు తీసి ఉఫ్ అని ఊదినవాళ్లమే. ఊదితే పనిచేసింది ఊపిరి వల్ల కాదు, తీసి మళ్లీ పెట్టడం వల్ల. ఊపిరిలోని తడి పిన్నులను ఇంకా తినేస్తుంది. స్పిరిట్ అద్దిన దూది చాలు.

ఈ ఆటలన్నీ ఫోన్లోనే దొరుకుతుంటే ఈ శ్రమ దేనికని మా ఇంట్లోనే అడిగారు. ఆ తుపాకీ చేతికిచ్చి చూపించాను. డక్ హంట్‌లో తుపాకీ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్లగా మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని చిన్న కన్ను ఆ తెలుపును పట్టుకుంటుంది. గీతా గీతా వెలిగే పాత పిక్చర్ ట్యూబు టీవీ మీద, ఆ క్షణానికే ఆ వెలుగు ఉండాలి. కొత్త ఎల్ఈడీ టీవీ బొమ్మను కాసేపు దగ్గర పెట్టుకుని గీస్తుంది కాబట్టి తుపాకీకి బాతు దొరకదు. పెట్టె, టీవీ, తుపాకీ మూడూ బతికి ఉంటేనే ఆ ఆట బతికి ఉన్నట్టు. ఆ మూడింట్లోనూ ముందు ఎండేది కండెన్సరే.

కొత్తపేట పెట్టెకు మళ్లీ 1000/25 వేశాను, 105 డిగ్రీలది. అడాప్టర్‌లో 2200 ఒకటి మార్చాను. దాని జాక్ లోపలి పిన్ను మైనసో ప్లస్సో మీటరుతో చూసుకున్నాకే పెట్టెకు తగిలించాను, ఈ జాతిలో రెండు రకాలూ ఉన్నాయి. సిరీస్ బల్బు కాస్త ఎర్రబడి తగ్గింది. టీవీ నాలుగో ఛానెల్‌లో ముందు చీమలు, తర్వాత నీలం ఆకాశం. చారలు లేవు. గంట నడిచాక రెగ్యులేటరు రేకు మీద వేలు పెట్టి చూశాను, వెచ్చగా ఉందే తప్ప కాలలేదు. మూత మూసేముందు పెన్సిలు అడిగి తీసుకుని, 1998 కింద ఈ ఏటి తేదీ రాసి స్క్రూలు బిగించాను.