నత్తి ఎవరిది?

కొత్త లాప్‌టాప్ కొన్నాను. ధర ఇంట్లో సగమే చెప్పాను కాబట్టి ఇక్కడ అసలు చెప్పను. 32 గిగాబైట్ల మెమరీ, 144 హెర్ట్జ్ స్క్రీను, బరువు పడితే మిక్సీలా మోగే ఫ్యాన్లు. ఈ మధ్య వచ్చిన పెద్ద గేములన్నీ ఆడొచ్చని కొన్నవాణ్ణి, మొదటి రాత్రి దాంట్లో ఎక్కించింది మాత్రం 2005 జూన్‌లో పీసీకి వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్. లాప్‌టాప్‌ని హాల్లో టీవీకి తగిలించి, అందరూ పడుకున్నాక, సౌండ్ తగ్గించుకుని కూర్చున్నాను.

కథ మీకు గుర్తుండే ఉంటుంది. 1992. ఐదేళ్ల తర్వాత తల్లి అంత్యక్రియలకి సొంతూరు వచ్చిన సీజేని పోలీసులు పట్టుకుని, పడని గ్యాంగు పేటలో దించేసి పోతారు. అక్కడున్న సైకిలెక్కి ఇల్లు చేరాలి. ఆ సైకిలు మీదే నాకు అనుమానం వచ్చింది. తొక్కుతుంటే రోడ్డు నీళ్లలా జారి రావాలి కదా, రావట్లేదు. ఒక అడుగు పడుతుంది, ఒక తడబాటు. మళ్లీ రెండడుగులు, మళ్లీ తడబాటు. 32 మెగాబైట్ల మెమరీ ఉన్న ప్లేస్టేషన్ 2 మీద పరుగులు పెట్టిన ఆట, దానికి వెయ్యి రెట్లు మెమరీ ఉన్న మెషిన్ మీద నత్తిగా నడుస్తోంది. (నత్తి అన్న మాటని వెక్కిరింపుగా వాడట్లేదు. ఇంగ్లిష్‌లో దీనికున్న పేరుకి ఇంతకన్నా దగ్గరి మాట తెలుగులో నాకు తట్టలేదు.)

మన దగ్గర ఇలాంటివాటన్నిటికీ ఒకటే మాట: లాగ్. నెట్ నెమ్మదిగా ఉన్నా లాగే, కార్డు చాలకపోయినా లాగే, కీబోర్డులో బ్యాటరీ అయిపోయినా లాగే. కానీ ఇది వేరే జబ్బు. స్క్రీను మూలన సెకనుకి ఎన్ని ఫ్రేములో చూపించే అంకె ఉంటుంది చూడండి, అది ఈ జబ్బు విషయంలో అబద్ధం చెబుతుంది. ఒక సెకనులో 59 ఫ్రేములు పదేసి మిల్లీసెకన్లలో వచ్చి, అరవయ్యోది 410 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. లెక్క ప్రకారం సెకనుకి 60 ఫ్రేములు, భేష్. కంటికి మాత్రం బండి గోతిలో పడినట్టే. పద్యంలో మొత్తం మాత్రలు లెక్కకి సరిపోయి, మధ్యలో ఒక గణం చెడితే చెవి ఊరుకుంటుందా? కూడిక చెప్పలేనిది నడక చెబుతుంది. అందుకే చూడాల్సింది ఫ్రేముల సంఖ్య కాదు, ఒక్కో ఫ్రేము ఎంతసేపు తెర మీద ఉందన్నది.

ఇది తెలిసీ నేను మొదట చేసింది నాటువైద్యమే. కంపాటిబిలిటీ మోడ్ పెట్టాను. ఆటని ప్రాసెసర్‌లో ఒకే కోర్‌కి కట్టేశాను. డ్రైవరు తీసేసి మళ్లీ వేశాను. ఒక్కో చిట్కా వేశాక కాసేపు బాగున్నట్టే అనిపిస్తుంది, వేపాకు కషాయం తాగినట్టు. ఉద్యోగంలో జూనియర్లకి రోజూ చెప్పే మాట, కొలవకుండా దేన్నీ మార్చకండ్రా అని, రాత్రి ఒంటిగంటకి నాకు నేను చెప్పుకుని ఫ్రేముల టైము గ్రాఫు తెరిచాను.

గ్రాఫు చూస్తే మెషిన్ తప్పేమీ లేదు. ఆటలో ఫ్రేమ్ లిమిటర్ అని ఒక సెట్టింగు ఉంది, మొదట్నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. అది ఆటని సెకనుకి దాదాపు 25 ఫ్రేముల దగ్గర ఆపుతుంది. నా టీవీ సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంది. అరవైని పాతికతో భాగిస్తే 2.4. తెర మీద బొమ్మ 2.4 సార్లు నిలబడదు కదా. కాబట్టి ఒక ఫ్రేము రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు. అంటే 33 మిల్లీసెకన్లు ఒకటి, 50 మిల్లీసెకన్లు ఒకటి. సైకిలు తడబాటు అదన్నమాట. ఆట తన తాళంలో తను ఉంది, తెర తన తాళంలో తను ఉంది. ఇద్దరూ కరెక్టే. కచేరీ మాత్రం చెడింది.

అయితే లిమిటర్ తీసేస్తే సరి అనుకుంటాం. తీసేశాను. టీవీ వదిలేసి లాప్‌టాప్ తెర మీదే 144 దగ్గర ఆడాను. ఎంత బాగుందో! రోడ్డు నూనె మీద జారుతున్నట్టు వచ్చింది. అరగంట సంతోషంగా తిరిగి సముద్రంలో దూకాను. అక్కడ తెలిసింది. సీజే చేతులు ఆడిస్తున్నాడు, కాళ్లు ఆడిస్తున్నాడు, ముందుకి మాత్రం కదలడు. నీళ్లు కాదు, బంక. ఊజీ ఇచ్చే ఆంఫిబియస్ అసాల్ట్ మిషన్‌లో నీళ్లలో ఈదుకుంటూ ఓడ దాకా పోవాలి. ఈ లెక్కన తెల్లారుతుంది.

ఇది చాలామందికి తెలిసిన పాత సంగతే. కారణం సాదాగా చెప్తాను. గేము రాసేటప్పుడు కదలికని రెండు రకాలుగా రాయొచ్చు. సెకనుకి ఇంత అని, లేదా ఫ్రేముకి ఇంత అని. మొదటిది రోజు కూలీ, రెండోది బస్తా కూలీ. శాన్ ఆండ్రియాస్‌లో చాలావరకు రోజు కూలీ లెక్కే. గడిచిన కాలాన్ని చూసుకుని కదలికని సర్దుకుంటుంది. కానీ కొన్నిచోట్ల, ఈతలో మరీ, బస్తా కూలీ మిగిలిపోయింది. ఫ్రేములు పెరిగేకొద్దీ సీజే నెమ్మదిస్తాడు, గేట్లు పెరిగేకొద్దీ టోలు పెరిగినట్టు. రాసినవాళ్లని తిట్టడం తేలిక. వాళ్ల లోకంలో సెకనుకి పాతికా ముప్ఫై ఫ్రేములే కాలం. 144 అనే కాలం ఒకటి వస్తుందని ఈత రాసే కుర్రాడికి ఎవరు చెప్పారు?

నన్ను ఈ వ్యాసం రాయించింది ఈ ఈతే. నేను బాగుచేస్తున్నానని అనుకున్నది నిజానికి పాఠం మార్చడం. నునుపు వచ్చింది, సముద్రం పోయింది. తెలుగు చదివేవాళ్లకి ఇది కొత్త సమస్య కాదు. బ్రౌన్ దొర పండితుల్ని కూర్చోబెట్టి తాటాకు ప్రతుల్ని పక్కపక్కన పెట్టించి శుద్ధప్రతులు రాయించిన దగ్గర్నుంచి, ప్రతి పరిష్కర్తకీ ఎదురైన ప్రశ్నే: ఈ తప్పు కవిదా, రాయసగాడిదా? రాయసగాడిదైతే దిద్దాలి. కవిదైతే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పాత గేము నత్తిని బాగుచేసేవాడికి కూడా మొట్టమొదటి ప్రశ్న, ఈ నత్తి ఎవరిది? ఆటదా, తెరదా, విండోస్‌దా, మధ్యలో వచ్చిన డ్రైవరుదా?

ఈ ప్రశ్న వేసుకోని పరిష్కర్త ఏం చేస్తాడో చూడాలంటే 2021 నవంబర్‌లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ చూడండి. గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ అనే స్టూడియో చేసింది, రాక్‌స్టార్ విడుదల చేసింది. కొత్త ఇంజను, కొత్త వెలుగు. పాత ఆటలో దూరాన్ని కప్పే ఒక మసక ఉండేది. 32 మెగాబైట్లలో ఊరంతా పట్టదు కాబట్టి పెట్టిన తెర అది, నిజమే. కానీ ఆ మసక వల్లే లాస్ సాంటోస్ ఆకాశం నారింజ రంగు పొగలో ఉడికినట్టుండేది, చిలియాడ్ కొండ ఎక్కడో వేరే జిల్లాలో ఉన్నట్టుండేది. కొత్త కూర్పులో మసక తుడిచేశారు. పైకెగిరి చూస్తే మూడు నగరాలూ, ఎడారీ, కొండా పెళ్లి బఫేలో వంటకాల్లా పక్కపక్కనే. ఒక రాష్ట్రం కాస్తా ఒక కాలనీ అయిపోయింది. తర్వాత 2024లో క్లాసిక్ లైటింగ్ అని ఒక సెట్టింగు పెట్టారు, పాత ఆకాశం కావలసినవాళ్లకి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది అది కూడా కాదు, డోనట్ కొట్టు. పాత ఆటలో టఫ్ నట్ డోనట్స్ అనే కొట్టు పైన పెద్ద బోర్డు బొమ్మ ఉంటుంది. ఆరు పలకల ఇనప నట్టు, డోనట్టూ అదే. పేరులోని జోకు ఆ ఆకారంలోనే ఉంది. కొత్త కూర్పులో మూలలన్నీ నునుపు చేసే క్రమంలో ఆ ఆరు పలకలూ గుండ్రంగా అయిపోయాయి. అక్కడ మిగిలింది ఒట్టి చక్రం. ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ పాఠపరిష్కరణ పుస్తకంలోనూ నేను చూడలేదు. శ్లేష అర్థంకాని రాయసగాడు దాన్ని అచ్చుతప్పనుకుని దిద్దేస్తే ఇలాగే ఉంటుంది. ఇదంతా ఒక ఎత్తు, దీన్ని అమ్మడానికి అసలు ప్రతుల్ని అమ్మకంలోంచి తీసేయడం ఒక ఎత్తు. గొడవయ్యాక సంస్థ క్షమాపణ చెప్పి పీసీలో పాతవాటిని తిరిగి పెట్టింది. వ్యాఖ్యానం అమ్ముకోండి, మూలం మాత్రం దాచకండి. నా గొడవ అంతే.

అలాగని మూలం పవిత్రం, ముట్టుకోకూడదు అనే పక్షం కూడా నాది కాదు. 2025లో బయటపడ్డ స్కిమ్మర్ కథ వినండి. నీళ్ల మీద దిగే చిన్న విమానం అది. విండోస్ 11లో ఒక అప్‌డేట్ వచ్చాక కొందరి ఆటల్లో ఆ విమానం మాయమైపోయింది. ఆటకి ఏళ్ల తరబడి ఉచితంగా మరమ్మతులు చేస్తున్న సైలెంట్‌ప్యాచ్ రచయిత తవ్వి చూశాడు. బళ్ల వివరాలుండే ఫైల్లో స్కిమ్మర్ వరసలో చివర చక్రాల సైజు అంకెలు రాయడం మర్చిపోయారు. మర్చిపోతే ఆట ఏం చేస్తుంది? ఆ అంకె ఉండాల్సిన చోట మెమరీలో ఏముంటే అది చదువుకుంటుంది. అక్కడ ఉన్నది అంతకుముందు వరసలో చదివిన వ్యాన్ తాలూకు సైజు. ఖాళీ చేసి వెళ్లిన అద్దెవాళ్ల కుండలో కొత్తవాళ్లు నీళ్లు తాగినట్టు, ఇరవై ఏళ్లు ఆ విమానం వ్యాన్ చక్రాల కొలతతో ఎగిరింది. కొత్త విండోస్ తన పని తను చేసుకుంటూ ఆ చోట ఇంకేదో రాసింది. కుండ పగిలింది. ఇది కవి తప్పే, అనుమానం లేదు. అయినా దిద్దాల్సిందే, ఎందుకంటే కవి రాయాలనుకున్నది విమానాన్ని, మాయమవడాన్ని కాదు. అందుకే ఇందాక చెప్పిన సూత్రం కాస్త సవరించుకుంటున్నాను: తప్పు ఎవరిదన్నదే కాదు, ఆ తప్పు మీద ఏం కట్టుకున్నారన్నది కూడా చూడాలి. మసక మీద ఒక ఆకాశాన్ని కట్టుకున్నారు. చక్రాల సైజు మీద ఏమీ కట్టుకోలేదు.

మధ్యలో అనువాదకుడి సంగతి ఒకటి. పాత డైరెక్ట్‌ఎక్స్ 9 భాషలో ఆట చెప్పేదాన్ని వల్కన్ అనే కొత్త భాషలోకి అప్పటికప్పుడు మార్చి కార్డుకి అందించే డీఎక్స్‌వీకే అనే పొర ఉంది. చాలా పాత ఆటలకి అది మందు. నేనూ వేశాను. కొత్త సమస్య! ఎప్పుడూ చూడని దృశ్యం ఎదురైతే ఒక్క క్షణం ఆగుతుంది, మాట వెతుక్కుంటున్నట్టు. రెండోసారి అదే దృశ్యం వస్తే ఆగదు, మాట దొరికేసింది కాబట్టి. ఈ నత్తి అనువాదకుడిది. అనువాదాలు చేసే మిత్రులు దీన్ని క్షమిస్తారనే నా నమ్మకం. శాన్ ఆండ్రియాస్‌కి నాకు పెద్ద లాభం కనపడక తీసేశాను.

చివరికి తేలింది ఇది. ఆటలో లిమిటర్ ఆఫ్. బయట నుంచి ఇంకో టూలుతో సరిగ్గా 30 ఫ్రేములకి కట్టు. టీవీ అరవైలోనే. ప్రతి ఫ్రేమూ రెండుసార్లు, ఎక్కువా తక్కువా లేదు. సైకిలు తిన్నగా నడిచింది. ఈత పాత ఈతలా ఉంది. టీవీలో బొమ్మని నునుపు చేసే ఆప్షన్ కూడా పనిలో పనిగా ఆపేశాను, దాంతో పాత సినిమాలు కూడా డైలీ సీరియల్ మొహం వేసుకుంటున్నాయి. మసకని అలాగే ఉంచాను. సైలెంట్‌ప్యాచ్ ఉంచాను. ఎక్కువ ఫ్రేముల్లో కూడా ఈత సరిచేసే ఫ్రేమ్‌రేట్ విజిలాంటే అనే మాడ్ ఉంది, 144 కావలసినవాళ్లకి అది మంచి దారి. నాకు ముప్ఫై చాలు. "ఇంత మెషిన్ కొని ముప్ఫైకి కట్టేశావా మామా?" అని ఫోన్లో హాస్టల్ రూమ్మేట్ నవ్వాడు.

వాడికి నవ్వే హక్కుంది. 2008లో గుంటూరు దగ్గర మా హాస్టల్ గదిలో ఉన్న ఒకే ఒక్క సిస్టమ్ వాడిదే. ఒక గిగాబైట్ మెమరీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, గిరగిరా చప్పుడు చేసే హార్డ్ డిస్కు. శాన్ ఫియెర్రోలో గాంట్ బ్రిడ్జి ఎక్కగానే ఆట ఆగేది. అరసెకను, ఒక్కోసారి సెకను. ముందున్న ఊరిని డిస్కు మీంచి తెచ్చుకోవాలి కదా. ఆ టైములో యాక్సిలరేటర్ నొక్కి పట్టుకుంటే తేరుకునేసరికి కారు రెయిలింగుని గుద్దేది. అందుకని బ్రిడ్జి దగ్గరికి రాగానే వెనక మంచం మీంచి వాడు అరిచేవాడు: "వేలు తియ్‌రా, బ్రిడ్జి ఆలోచిస్తోంది." నిజం చెప్పాలంటే ఇన్నేళ్లూ ఆ ఆట నా జ్ఞాపకంలో ఎక్కడా ఆగకుండానే నడిచింది. ఆగేదన్న సంగతే మర్చిపోయాను, మొన్నటిదాకా.

మొన్న రాత్రి బ్రిడ్జి ఎక్కాను. గ్రాఫులో గీత దారం లాగినట్టు తిన్నగా ఉంది, 33.3 మిల్లీసెకన్లు, చిన్న వంకర కూడా లేదు. కారు మాత్రం బ్రిడ్జి మొదట్లో ఒక్కసారి నెమ్మదించింది. ఏమైందో అర్థంకాక సెట్టింగులన్నీ మళ్లీ చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. వెనక్కొచ్చి ఇంకోసారి ఎక్కాను, ఈసారి కీబోర్డు చూస్తూ. డబ్ల్యూ మీంచి నా వేలు లేచింది.