ఉల్లిపొరలో పచ్చచుక్కలు

మొన్న తొమ్మిదో తరగతి పిల్లల రికార్డులు దిద్దుతుంటే ఒక బొమ్మ దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఉల్లిపొర కణాలు. గోడ కట్టినట్టు వరస తప్పకుండా గీసింది ఆ అమ్మాయి. ప్రతి కణంలో ఓ పక్కకి కేంద్రకం, మధ్యలో పెద్ద రిక్తిక. అక్కడితో ఆగకుండా ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో నాలుగైదు హరితరేణువులు కూడా పెట్టింది. పిలిచి అడిగాను.

"ఇవి నీకు కనపడ్డాయామ్మా?"

"లేదు సార్. కానీ మొక్క కణం కదా, పుస్తకంలో ఉన్నాయి."

ఆ పిల్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఎండ సోకని ఉల్లిరేకులో హరితరేణువులు ఉండవు, కంటికి కనపడనూ లేదు. అయినా గీసిందంటే కంటికన్నా పుస్తకాన్ని ఎక్కువ నమ్మింది. అలా నమ్మడం నేర్పింది మాలాంటివాళ్లమే. ఇరవై ఏళ్లుగా బోర్డు మధ్యలో నిలువు గీత గీసి, అటు మొక్క, ఇటు జంతువు అని రాయించాను. కణకవచం ఉంటుంది, ఉండదు. హరితరేణువులు ఉంటాయి, ఉండవు. రిక్తిక పెద్దది, చిన్నది. భేదాలు రాయమంటే పిల్లలు గడగడా రాస్తారు, మార్కులూ పడతాయి. ఎందుకలా ఉన్నాయని మాత్రం ఎవరూ అడగరు.

అందుకే ఆ వారం పాఠం ఆపి మళ్లీ స్లైడు దగ్గరికే వెళ్లాం. ఉల్లిరేకును పుటుక్కున విరిస్తే, విరిగినచోట లోపలివైపు పల్చని పొర వేలాడుతుంది. దాన్ని ఫోర్సెప్స్‌తో నెమ్మదిగా లాగి వెంటనే వాచ్‌గ్లాసులోని నీళ్లలో వెయ్యాలి. ఆలస్యమైతే చుట్టుకుపోతుంది. చిన్న ముక్కను బ్రష్‌తో గాజుపలక మీదికి తీసి, సాఫ్రనిన్ చుక్క వేసి, ఎక్కువైన రంగు కడిగేయాలి. ఆ పైన కవర్‌స్లిప్. ఒక అంచు ముందు ఆనించి, సూది ఆసరాతో రెండో అంచును మెల్లమెల్లగా వాల్చాలి. దభాలున పడేస్తే గాలిబుడగలు చేరతాయి. నల్లటి దళసరి అంచుతో గుండ్రంగా ఉండే ఆ బుడగనే కణమనుకుని శ్రద్ధగా బొమ్మ గీసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

తరవాత చెంప కణాలు. టూత్‌పిక్ మొద్దు కొనతో చెంప లోపల కాస్త గీకి, ఉప్పునీటి చుక్కలో కలిపి, మిథిలీన్ బ్లూ వెయ్యాలి. ఉల్లిపొర చూసిన కంటితో ఇది చూస్తే తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ పెట్టెలు పేర్చినట్టుంటే, ఇక్కడ ఒక్కో కణం ఒక్కో తీరు. అంచులు మడతపడి ఉంటాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. నడుమ ముదురు నీలం చుక్క మాత్రం అన్నింటికీ ఉంటుంది.

"దీనికి గోడ లేదుగా సార్, మరి పగలదా?" అని ఆ అమ్మాయే అడిగింది.

నా దృష్టిలో ఈ పాఠానికి ప్రాణం ఆ ప్రశ్నలోనే ఉంది. కణం లోపల ఉప్పులు, చక్కెరలు ఉంటాయి కాబట్టి బయట మంచినీళ్లుంటే లోపలికి చొరబడతాయి. మొక్క కణం ఆ నీటిని రిక్తికలో దాచుకుంటుంది. ముదిరిన కణంలో 80 నుంచి 90 శాతం జాగా దానిదే. ఉబ్బిన రిక్తిక గోడను లోపలినుంచి నెడుతుంది, గోడ ఓర్చుకుంటుంది. ఆ ఒత్తిడి కారు టైరులో గాలి ఒత్తిడికన్నా ఎక్కువే. ఎముకలు లేని తోటకూర కాడ నిటారుగా నిలబడేది ఆ బిగువుతోనే. వాడిన కట్టమీద కూరలమ్మి నీళ్లు చిలకరించేదీ ఆ బిగువు కోసమే. జంతు కణానికి గోడ లేదు. అందుకే అది వంగగలదు, సాగగలదు, మన తెల్లరక్తకణంలా పాకుతూ పోయి సూక్ష్మజీవిని మింగగలదు. కానీ మంచినీళ్లలో వేస్తే ఎర్ర రక్తకణం పగిలిపోతుంది. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉండేది అందుకే. గోడ చెయ్యాల్సిన కాపలా, మన ఒంట్లో ఉప్పునీళ్లు చేస్తున్నాయి.

మాట మీద నమ్మమనడం నాకిష్టం లేక ఎర్ర ఉల్లి తెప్పించాను. ఈసారి రేకు బయటివైపు ఉండే రంగుపొర తీశాం. కణం నిండా గులాబి రంగు. కవర్‌స్లిప్ ఒక అంచున ఉప్పునీటి చుక్క పెట్టి, అవతలి అంచున బ్లాటింగ్ పేపర్ ఆనించి ఉప్పునీళ్లు లోపలికి లాగించాం. కాసేపటికి గులాబి రంగు గోడను వదిలి వెనక్కి జరిగింది. గోడ ఎక్కడిదక్కడే ఉంది, లోపలిది ముడుచుకుంది. మళ్లీ మంచినీళ్లు పంపితే మెల్లగా ఉబ్బి గోడను తాకింది. "మా అమ్మమ్మ ఆవకాయ మూడోరోజు తిరగకలిపితే ఊట వస్తుంది, అదేనా సార్?" అన్నాడొకడు. మామిడిముక్కలోని నీళ్లను ఉప్పు లాగిన ఊటే అది. ఆ మాట ఏ పాఠంలోనూ లేదు.

తేడాల పట్టిక ముందు పిల్లలకు నేను చెప్పాల్సిన కథ ఇంకొకటుంది. ష్లైడెన్ మొక్కలు చదివినవాడు, ష్వాన్ జంతువులు చదివినవాడు. ఒకరోజు కలిసి భోంచేస్తుండగా, మొక్క కణం పెరుగుదలలో కేంద్రకం పాత్ర గురించి ష్లైడెన్ చెప్పాడట. అలాంటిదే తాను జంతువుల పృష్ఠవంశ (నోటోకార్డ్) కణాల్లో చూశానని ష్వాన్‌కు తట్టింది. 1839లో ఆయన అచ్చువేసిన పుస్తకం మొక్కలకూ జంతువులకూ నిర్మాణంలో ఉన్న పోలికల గురించి. వాళ్లు పోలిక చూసి అబ్బురపడ్డారు. మనం దాన్ని వదిలేసి తేడాలకు మార్కులు పెట్టుకున్నాం.

ఆ అమ్మాయి బొమ్మలో పచ్చచుక్కలు కొట్టేయలేదు నేను. మంగళవారం చెరువునుంచి హైడ్రిల్లా నాచు తెప్పించాను. ఆకు ఒక్కటి తుంచి, రంగేమీ వెయ్యకుండా నీటిచుక్కలోనే పెట్టాం. దీపం వెచ్చదనం తగిలాక, గోడ వారనే పచ్చగింజలు ఒకదాని వెనక ఒకటి కదలసాగాయి. ఆ పిల్ల కంటిని కటకం మీదనుంచి తియ్యలేదు. వెనక వరసలోవాళ్లు తొందరపెడుతున్నా, "ఒక్క నిమిషం, తిరుగుతున్నాయి" అంటూ ఎడమచేత్తోనే ఆకుపచ్చ పెన్ను కోసం తడుముకుంది.