తులం బంగారం చిన్నది, తులం వెండి పెద్దది

అక్షయ తృతీయకు తెనాలి, బాపట్ల, రేపల్లె బంగారు కొట్లలో పది గ్రాముల బంగారు నాణెం, పది గ్రాముల వెండి నాణెం పక్కపక్కన పెడితే కొనేవాళ్లకు ముందు కలిగేది అనుమానమే. తూకం ఒకటే అయినప్పుడు బంగారానిది అంత చిన్నగా ఎందుకుంది?

ఘన సెంటీమీటరు బంగారం 19.3 గ్రాములు తూగుతుంది, వెండి 10.5 గ్రాములే. మందం సమానంగా పోతపోస్తే వెండి నాణెం వ్యాసం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. నాకు ఆశ్చర్యంగా తోచేది దీని వెనకున్న కారణం. రెండు లోహాల్లోనూ పరమాణువులు ఒకే తీరున, దాదాపు ఒకే ఎడంతో పేర్చి ఉంటాయి. తేడా అంతా ఒక్కో పరమాణువు బరువులోనే: పరమాణు భారం బంగారానికి 197, వెండికి 108.

ఈస్టిండియా కుంఫిణీ ప్రభుత్వం 1835లో వెండి రూపాయినీ బంగారు మొహరునూ ఒకే తూకానికి, 180 గ్రెయిన్లకు, ముద్రించింది. మేలిమి కూడా రెండింటిలో ఒకటే, పన్నెండింట పదకొండు పాళ్లు. అయినా పదిహేను రూపాయల మొహరు రూపాయి కంటే చిన్నది. పెద్దవాళ్లు చెప్పే 11.66 గ్రాముల తులం ఆ రూపాయి ఎత్తే.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలోని భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతు పేటికలతో పాటు బంగారు పూలు బయటపడ్డాయి. ఈ కృష్ణా డెల్టాలో బంగారు పని ఆ స్తూపమంత పాతది. అయితే ఇక్కడి కంసాలి తూకాన్ని ఒక్కదాన్నే ఎన్నడూ నమ్మలేదు. నల్లటి గీటురాయి మీద వస్తువును రాస్తాడు, పక్కన వన్నె తెలిసిన బంగారాన్ని గీస్తాడు, యాసిడ్ చుక్క వేస్తాడు. రాగి, ఇత్తడి గీతలు కరిగిపోతాయి, బంగారం నిలుస్తుంది. ఈ పరీక్ష చెప్పేది పైపొర సంగతే. అందుకే అనుమానం వస్తే లోతుగా ఆకురాయి వేస్తాడు. వెండి రూపాయినైతే రాతి మీద మోగించి చూసేవారు. సీసం, రాగి తగుపాళ్లలో కలిస్తే బరువుకు బరువు, సైజుకు సైజు వెండితో సరిపోవచ్చు, ఆ ఖంగుమనే మోత మాత్రం రాదు.

నీటి పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. మిల్లీగ్రాములు చూపే చిన్న కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నటి దారంతో అడుగు తగలకుండా నీళ్లలో ముంచండి. పది గ్రాముల మేలిమి బంగారమైతే కాటా 0.52 గ్రాముల దగ్గర ఆగాలి. వెండికి 0.95, రాగికి 1.12. సీసం నింపిన నాణెం ఇక్కడే దొరికిపోతుంది, ఎందుకంటే అదే సైజు సీసం బంగారంలో పదింట ఆరు పాళ్ల బరువైనా తూగదు. టంగ్‌స్టన్ మాత్రం బంగారంతో దాదాపు సమాన సాంద్రత గలది, నీటి పరీక్షను మోసం చేస్తుంది. దాన్ని పట్టాలంటే కోసి చూడాలి, లేదా పరీక్షా కేంద్రానికి పంపాలి. అమ్మమ్మల నాటి కాసులు, మొహర్లు ఇంట్లో ఉంటే కరిగించే ముందు ఒకసారి నీళ్లలో తూచి, నమ్మకమైన కంసాలికి చూపించండి.