చేతి బాధకు కొలత: ‘డ్యాష్’ ప్రశ్నావళి – ఉత్తర తెలంగాణ విద్యార్థి

భుజం, మోచేయి, మణికట్టు, వేళ్ల రుగ్మతలు దైనందిన జీవితాన్ని ఎంతవరకు అడ్డుకుంటున్నాయో కొలవడానికి విస్తృతంగా వాడుతున్న సాధనం ‘డ్యాష్’ ప్రశ్నావళి. 1996లో ఉత్తర అమెరికాలో వెలువడిన ఇందులో 30 అంశాలున్నాయి. ఒక్కొక్క అంశానికి 1 నుండి 5 వరకు ఒక అంకెను గుర్తించాలి. వాటి మొత్తాన్ని 0–100 మానంలోకి మారుస్తారు. అంకె పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువని అర్థం. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల విద్యార్థులకు దీనిని వర్తింపజేయడానికి మాటల అనువాదం ఒక్కటే చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మొదటి సమస్య లెక్కలో ఉంది. గట్టి మూత తీయడానికి, తాళం తిప్పడానికి ఉన్న విలువే రాయడానికీ ఉంది. ఒక్క అక్షరమూ రాయలేని విద్యార్థి రాతకు 5, తక్కిన 29 అంశాలకు 1 చొప్పున గుర్తిస్తే 100కు వచ్చేది సుమారు 3.3 మాత్రమే. మూడు గంటల పరీక్ష రాయలేనివారు ఈ లెక్కలో దాదాపు ఆరోగ్యవంతులు! వృత్తిపై 4 ప్రశ్నల ఐచ్ఛిక విభాగం ఉంది. చదువునే వృత్తిగా భావించి విద్యార్థులకు దానిని తప్పక జోడించాలి.

రెండవది ఆచారానికి సంబంధించినది. పనిని ఏ చేత్తో చేశారన్నది ముఖ్యం కాదని ప్రశ్నావళి చెబుతుంది. మనం అన్నం కలిపేది, పెద్దలకు ఏదైనా అందించేది కుడిచేత్తో. కుడిచేయి నొచ్చి, హాస్టల్ బంతిలో ఎడమచేత్తో తిన్న అమ్మాయికి పని జరిగినట్లే లెక్క. ఆమె పడిన సంకోచం ఆ అంకెలో కనిపించదు.

మూడవది ఉదాహరణల ఎంపిక. గోల్ఫ్, టెన్నిస్, ఫ్రిస్బీ, అల్లిక అక్కడివారికి సహజం. కరీంనగర్ పల్లెల్లో తల్లికి తోడుగా బీడీలు చుట్టే, ఆదిలాబాద్ చేలలో సెలవురోజున పత్తి ఏరే పిల్లలను అడగవలసినవి వేరు: బోరింగు కొట్టడం, బిందె ఎత్తడం, తడిబట్టలు పిండడం, జడ వేసుకోవడం.

ఇది పరిశోధకుల పట్టింపు మాత్రమే కాదు. రాసేటప్పుడు చేయి సహకరించని రుగ్మత గల సివిల్ సర్వీసుల అభ్యర్థి వికాశ్ కుమార్ కేసులో, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో లేఖకుని సాయం నిరాకరించరాదని 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మొత్తం అంకె చిన్నదైనా, ఆగిపోయిన ఒక్క పని జీవితాన్నే ఆపగలదని న్యాయస్థానం గుర్తించింది. మన కొలమానాలు కూడా గుర్తించాలి.