గుండెకు వేయునది గొట్టము కాదు, అంటు

ఒక విషయమును సులభముగా చెప్పుట వేరు, తప్పుగా చెప్పుట వేరు. గుండె బైపాస్ శస్త్రచికిత్సను గూర్చి బడిలోను, ఇంటిలోను మనము చెప్పుకొను మాటలు రెండవ కోవకు జారుచున్నవి. "కాలి నరము తీసి గుండెకు వేసినారు, గొట్టము మారినది, ఇక భయము లేదు" అని నెల్లూరు జిల్లా పడమటి ప్రాంతమున, ఉదయగిరిలోనైనను ఆత్మకూరులోనైనను, అనుకొనుట సహజమే. ఈ చిన్న మాటలో మూడు తప్పులున్నవి.

మొదటిది "నరము". నరము వార్తను మోయును గాని రక్తమును మోయదు. గుండె నుండి రక్తమును కొనిపోవునది ధమని, గుండెకు తిరిగి తెచ్చునది సిర. కాలి నుండి తీయునది సఫీనస్ అను సిర. వాడుకలో రక్తనాళమును నరమనుట పెద్ద నేరము కాదు. కాని ఇచ్చట ధమనికి, సిరకు గల భేదమే అసలు విషయము. ఆ భేదమును ఈ మాట మరుగుపరచుచున్నది.

రెండవది "గొట్టము". సోమశిల కాలువలను చూచిన ఆత్మకూరు విద్యార్థికి, పూడిన చోటును తప్పించి మరియొక దారిన నీరు పారించుటయే బైపాస్ అని చెప్పిన వెంటనే తెలియును. అంతవరకు పోలిక సరియే. కాని కాలువకు ప్రాణము లేదు, రక్తనాళమునకు ఉన్నది. సిర పలుచని గోడ కలది. తక్కువ ఒత్తిడికి అలవాటు పడినది. దానిని ధమని స్థానమున కుట్టినచో, గుండె కొట్టుకొన్నప్పుడెల్ల సుమారు 120 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడి దానిపై పడును. క్రమముగా గోడ మందమగును, లోపల కొవ్వు పేరుకొనును. పది సంవత్సరములు గడచునప్పటికి ఇట్టి సిరలలో సుమారు సగము మూసికొనిపోవుటయో, చెడిపోవుటయో జరుగును.

రొమ్మెముక అంచున, పక్కటెముకల వెనుక దిగు ధమని తీరు వేరు. దాని లోపొర నైట్రిక్ ఆక్సైడును బాగుగా విడుదల చేయును; అందుచే నాళము విప్పారి ఉండును, గడ్డలు కట్టుట తగ్గును. ఎడమవైపు ధమని పై కొనను కోయక, క్రింది కొనను మాత్రము విడదీసి, గుండె ముందుభాగమునకు పోవు ముఖ్య ధమనికి కుట్టుదురు. పది సంవత్సరముల తరువాత కూడ ఇట్టివి నూటికి తొంబదికి పైగా తెరచియుండును. తల్లిచెట్టు నుండి వేరుచేయక కొమ్మను వంచి కట్టు మామిడి అంటును ఎరిగిన రైతుకు ఇది వింత కాదు. గొట్టము కన్న అంటు అనునదే దీనికి తగిన మాట.

అట్లయిన అన్నియు ధమనులే వేయరాదా? ఇచ్చట మరియొక వైపు అతిశయోక్తికి లోనుకారాదు. 1964లో లెనిన్‌గ్రాడులో కొలెసోవ్ రొమ్ము ధమనిని కుట్టెను. 1967లో క్లీవ్‌లాండులో ఫావలోరో కాలి సిరను వాడెను. సులభమైనందున సిరయే ముందు వ్యాపించినది. 1986లో క్లీవ్‌లాండు వైద్యులు రొమ్ము ధమని పొందిన 2306 మందిని, సిరలు మాత్రమే పొందిన 3625 మందితో పోల్చిరి. సిరలు మాత్రమే పొందినవారికి పది సంవత్సరములలో మరణ ప్రమాదము 1.61 రెట్లని తేలినది. ఇది గొప్ప పరిశీలనయే. కాని ఎవరికి ఏది వేయవలెనో చీట్లు వేసి నిర్ణయించినది కాదు. అట్లు నిర్ణయించి 3102 మందిపై జరిపిన పరీక్ష ఫలితము 2019లో వెలువడినది. అందు రెండు రొమ్ము ధమనులు వేయుటకు ఉద్దేశించిన వారిలో పది సంవత్సరములలో 20.3 శాతము, ఒక్కటి వేయుటకు ఉద్దేశించిన వారిలో 21.2 శాతము మరణించిరి. భేదము లేదనియే చెప్పవలెను. అయితే రెండు ధమనులు వేయవలసిన వారిలో కొందరికి ఒక్కటియే వేసిరి. ఒక్కటి వేసిన వారిలో కొందరికి ముంజేతి ధమనిని కూడ వాడిరి. కావున ఆ లెక్కతో వివాదము ముగియలేదు.

ఎన్నికకు రోగి శరీరమే ఆధారము. మధుమేహము గట్టిగా ఉన్నవారికి రెండు రొమ్ము ధమనులను తీసినచో రొమ్మెముక పుండు మానుట కష్టము కావచ్చును. ముంజేతి ధమని సిర కన్న ఎక్కువ కాలము తెరచియుండును. కాని గుండె ధమని బాగుగా ఇరుకైనచోటనే అది రాణించును. ఇరుకు తక్కువైనచో పాత దారినే రక్తము పారి, కొత్త నాళము ముడుచుకొనిపోవును. మణికట్టు గుండా యాంజియోగ్రాము చేసిన చేతి ధమని పాడై ఉండవచ్చును. కాలి సిరలు ఉబ్బినవారికి సిరయే పనికిరాకపోవచ్చును. వయసు మీరినవారికి, అత్యవసరమునకు కాలి సిరయే త్వరగా అక్కరకు వచ్చును.

మూడవ తప్పు "ఇక భయము లేదు" అనునది. ప్రమాదకరమైనది ఇదియే. 1975లో మదరాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టరు కె. ఎం. చెరియన్ ఈ చికిత్సను విజయవంతముగా చేసిన నాటి నుండి మన దేశమున ఇది ఎంతో వ్యాపించినది. కాని గొట్టము మారినదని నమ్మి, మాత్రలు మాని, బీడీ ముట్టించువాని కాలి సిర ఎంత కాలము నిలుచును? రక్తము గడ్డకట్టనీయని ఆస్పిరిన్, కొవ్వు తగ్గించు మాత్ర, పొగ మానుట — ఇవి అంటుకు పోయు నీరు వంటివి.

ఉపాధ్యాయులు పాఠములో గుండె బొమ్మను గీసినపుడు ధమనిని, సిరను వేరువేరుగా చూపుదురు గాక. ఇంటిలో ఇట్టి రోగి ఉన్న విద్యార్థి ఆసుపత్రి కాగితమున ఎల్.ఐ.ఎం.ఎ. అని ఉన్నదో, ఎస్.వి.జి. అని ఉన్నదో చూడవలెను. మొదటిది ఎడమ రొమ్ము ధమని, రెండవది కాలి సిర. తరచుగా రెండును కలిసియుండును. వాని అర్థము తెలిసిన బిడ్డ, "మాత్ర వేసుకొన్నావా తాతా?" అని అడుగును. ఆ ప్రశ్న పుట్టించని పాఠము ఎంత సులభమైనను అసంపూర్ణమే.